వదినా నేనూ ఎంట్రెన్స్ రాసిన ఏడాది

ఎంబీఏ ఎంట్రెన్స్ రాయాలన్న ఆలోచన నాది కాదు, మా వదినది. అప్పటికి ఆమె మా అన్నను చేసుకుని మా ఇంటికి వచ్చి మూడో ఏడు నడుస్తోంది. నేను బీఎస్సీ ముగించి, పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. పొద్దున పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం మళ్ళీ అక్కడే దిగేదాన్ని. నిలబడి చేసే పని. ఇంటికొచ్చి గడప మీద కూలబడి చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చులు కనబడేవి.

ఒకరోజు వదిన బకెట్లో వేడినీళ్ళు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది.

"సైన్సు సదివి డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తున్నవ్. ఇగ గిట్లనే ఉంటవా పిల్లా?"

"మరేం జెయ్యమంటవ్ వదినే?"

"ఎంబీఏ రాద్దాం. ఇద్దరం. నేను అడిగి తెల్సుకున్న. డిగ్రీ ఉంటె సాలు."

నాకు నవ్వొచ్చింది. వదిన నవ్వలేదు. ఆమెది కొండాపూర్ మండలంలో ఒక చిన్న ఊరు. వాళ్ళ నాన్న పత్తి పండిస్తాడు. ఆమె సంగారెడ్డికి రోజూ బస్సులో వచ్చి బీకాం చదివింది. పెళ్ళి కుదరడంతో చదువు అక్కడితో ఆగింది. మా ఇంట్లో పొద్దున ఇద్దరికి టిఫిన్ డబ్బాలు కట్టడం, బట్టలు, వంట, సాయంత్రం మళ్ళీ వంట. పెళ్ళి తరువాత ఆమె పుస్తకం పట్టుకోగా నేను చూడలేదు. అలాంటి మనిషి మరుసటి ఆదివారమే నన్ను సంగారెడ్డి పాత బస్టాండ్ దగ్గరికి తీసుకుపోయి, ఎవరో వాడుకుని అమ్మేసిన గైడు ఒకటి కొనిపించింది. సగం లెక్కలకు పెన్సిల్ టిక్కులు ముందే ఉన్నాయి. ఆ టిక్కులన్నీ వదిన ఓపికగా రబ్బరుతో తుడిచేసింది.

లెక్కలు నాకు వచ్చు. ఇంగ్లీషు ఎట్లాగో నెట్టుకొస్తాను. రీజనింగ్ దగ్గరే నా బండి ఆగిపోయేది. ఆరుగురు గుండ్రని బల్ల చుట్టూ కూర్చున్నారు, ఒకడు ఇంకొకడికి ఎదురుగా లేడు, మూడోవాడు ఐదోవాడికి ఎడమపక్కన ఉన్నాడు, అయితే రెండోవాడి కుడిపక్కన ఎవరు? చదువుతుంటేనే తల తిరిగేది. వదిన వంటింట్లోంచి స్టీలు గ్లాసులు తెచ్చి పళ్ళెం చుట్టూ పెట్టేది.

"అందర్ని ఒక్కపారి కూసోబెట్టకు. ఎవరు కదలరో వాళ్ళను మొదలు పెట్టు. అనుమానమున్నోళ్ళు ఆఖరికి. వాళ్ళకు తావు ఒక్కటే మిగుల్తది, దబ్బున కూసుంటరు."

గ్లాసులకు మా చుట్టాల పేర్లు పెట్టేది. మా మేనత్త పక్కన మా చిన్నమ్మ కూర్చోదు, వాళ్ళిద్దరికీ మాటల్లేవు. మా పెదనాన్న ఎక్కడున్నా గుమ్మానికి ఎదురుగానే ఉంటాడు, వచ్చేపోయేవాళ్ళను చూడాలి కాబట్టి. అట్లా చెబితే నాకు వెంటనే ఎక్కేది. అమ్మ గుమ్మం పక్కన కందికాయలు ఒలుస్తూ మా మాటలు వినేది.

"అన్ని బల్లలు మేకలే. కొన్ని మేకలు గొడుగులు. అయితే కొన్ని బల్లలు గొడుగులా?" అని వదిన ఒకసారి పైకి చదివింది.

"ఏందే గా సదువు! బల్లలు మేకలెట్లయితయి?" అంది అమ్మ.

"అయితయని అనుకోవాలె అత్తమ్మా. వాళ్ళు పైన ఏం రాసిస్తె గదే నిజం. మనకు ఎర్కున్నది అండ్ల కలుపొద్దు."

"గట్లయితె అబద్ధం రాసినోనిదే రాజ్యం," అని అమ్మ ఒలిచిన గింజల్ని చేటలోకి దులిపింది. ముగ్గురం నవ్వుకున్నాం. అమ్మకు వదిన అంటే ప్రేమే. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, తరువాత జరిగింది చదివినవాళ్ళు మా అమ్మను రాక్షసి అనుకోవచ్చు. కాదు.

అన్న కూడా మాతో కలిసేవాడు. పటాన్‌చెరులోనే ఇంకో కంపెనీలో మిషన్ ఆపరేటర్. షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో ఉన్న పూట మాకు పరీక్ష పెట్టేవాడు. ఫోన్లో టైం పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్విజిలేటర్‌లా మా చుట్టూ తిరిగేవాడు. "ఏయ్, సైడుకు సూడకు. పేపర్ గుంజుకుంట!" అని వదినను గదమాయించేవాడు. ఆమెకు ఎక్కువ మార్కులు వస్తే నా వైపు చూసి, "సూసినవా, నా పెండ్లాం!" అని కాలరెగరేసేవాడు. సంగారెడ్డి నుంచి పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించి తెచ్చిందీ అతనే. వాళ్ళిద్దరి మధ్యా ప్రేమ లేదనడానికి లేదు. చాలా ఉంది.

పిల్లలు లేరన్న మాట మాత్రం ఇంటి బయటి నుంచి మొదలైంది. పక్కింటివాళ్ళు అడిగేవాళ్ళు. పెళ్ళిళ్ళలో అడిగేవాళ్ళు. చివరికి అన్నా వదినా పటాన్‌చెరులో ఒక ప్రైవేటు దవాఖానకు పోయి పరీక్షలు చేయించుకున్నారు. రిపోర్టులు వచ్చిన రోజు ఇద్దరూ చీకటి పడకముందే ఇంటికి వచ్చారు. అన్న చెప్పులు కూడా విప్పకుండా లోపలి గదిలోకి పోయి పడుకున్నాడు. వదిన అమ్మ ముందు నిలబడి, నేల చూస్తూ, "లోపం నాలనే ఉన్నదట అత్తమ్మా. మందులు వాడమన్నరు," అంది.

అమ్మ ఆమెకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తరువాత, "దేవుడున్నడు లే," అంది.

ఆ తరువాత నెలల్లో వదినకు అన్ని రకాల మందులూ పట్టించారు. ఎవరో చెబితే పసరు మందు తెచ్చారు. అది తాగిన ప్రతిసారీ కక్కుకునేది. చుట్టాలు వచ్చి ఆమె ముందే నిట్టూర్చేవాళ్ళు. ఆమె వాళ్ళకు చాయ్ పెట్టి ఇచ్చేది. అన్న మాకు పరీక్షలు పెట్టడం మానేశాడు. డ్యూటీ లేని రోజు కూడా బండి వేసుకుని ఎటో పోయేవాడు, తాగి వాసన కొడుతూ తిరిగొచ్చేవాడు.

చదువు మాత్రం వదిన వదల్లేదు. కానీ తప్పులు చేయడం మొదలుపెట్టింది. నాకు చేతగాని ప్రశ్నల్ని వేళ్ళ మీద విప్పేసే మనిషి, తూర్పుకు నడిచి ఎడమకు తిరిగితే ఎటు పోతామో చెప్పలేక పేజీ వైపు చూస్తూ ఉండిపోయేది. "ఏమైంది వదినే?" అంటే, "ఏం లే, నిద్ర లేదు," అనేది.

అంతలో ఒకరోజు, చుట్టాలు నలుగురూ కూర్చున్నప్పుడు, అన్నకు రెండో పెళ్ళి చేయాలన్న మాట అమ్మ ఎత్తింది. "వంశం నిలవాలె గద. ఈ పిల్లను వెళ్ళగొడ్తమా ఏంది, ఈమె గూడ ఉంటది," అంది. వదిన వంటింట్లో ఉంది. కత్తిపీట చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. అన్న అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు.

ఆ వారంలోనే సంగారెడ్డిలో ఒక కోచింగ్ సెంటర్‌వాళ్ళు పెట్టిన మాక్ టెస్టుకు ఇద్దరం పోయాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన వదిన కూర్చుంది. నేను నా మార్కుల కాగితం చూసి బాధపడుతున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, గొంతు ఏమాత్రం మార్చకుండా చెప్పింది.

"లోపం నాది గాదే. మీ అన్నది. డాక్టరు ఇద్దరి ముంగట్నే చెప్పిండు. బయటికొచ్చి మీ అన్న నా చేతులు పట్టుకున్నడు. గేటు కాడ, అందరు సూస్తుండంగ. కంపెనీల ఎర్కయితె నగుతరు, ఊర్ల తలెత్తలేను, నీదే అని చెప్పు అని ఏడ్సిండు. నేను సరే అన్న. నాకు గా టైంల గదేం పెద్ద మాట అనిపియ్యలె."

బస్సు ఎక్కడో ఆగింది, ఎవరో దిగారు.

"అమ్మకు చెప్తా," అన్నాను.

"చెప్తె చెప్పు. నేనైతె చెప్పలేను. మాటిచ్చిన." మళ్ళీ తనే అంది: "ఆమెకు ఎర్కయితె గా రెండో పెండ్లి ముచ్చట బందు పెడ్తదేమో."

ఇంటికి వచ్చాక వదిన ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి పోయింది. అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. నేను ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను. అమ్మ తలెత్తలేదు. ఏరిన వడ్లగింజల్ని అటు విసిరేసింది.

"నాకు ఎర్కే," అంది.

"ఏంది?"

"వాడు నాతోని చెప్పిండు. ఎప్పుడో. పొలం కాడ కూసొని పసిపిల్లగాని లెక్క ఏడ్సిండు."

"మరి ఎర్కుండి గా పసరు ఎందుకు తాపినవే? రెండో పెండ్లి ముచ్చట ఎందుకు తీసినవ్?"

అమ్మ అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నాకేదో చిన్న విషయం అర్థంకానట్టు, విడమరిచి చెప్పింది.

"నేను అనకుంట ఊకుంటె నలుగురికి అనుమానమొస్తది బిడ్డా. ఏ అత్తనైనా అంటది గద. వాని ఇజ్జత్ పోతె వాడు బత్కడు. ఆమె మంచిది, ఓర్సుకుంటది."

నా వెనక చప్పుడైంది. వదిన మెట్ల మీద నిలబడి ఉంది, చేతుల నిండా బట్టలతో. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆమె మమ్మల్ని దాటి లోపలికి పోయి, బట్టలన్నీ ఒక్కొక్కటిగా మడత పెట్టింది. ఆ సాయంత్రం జొన్నరొట్టెలు చేసింది. ఎవరెవరికి ఎన్ని కావాలో అడిగి మరీ వడ్డించింది.

మర్నాడు అన్న డ్యూటీ నుంచి రాగానే అడిగింది. గది తలుపు తీసే ఉంది. నేనూ అమ్మా విన్నాం.

"ఊరందరికి చెప్పమంటలేను. కంపెనీల చెప్పమంటలేను. మా బాపుకు ఒక్కనికి చెప్పు. ఆయన నా మొఖం సూసినప్పుడల్ల నీళ్ళు పెట్టుకుంటుండు. ఆయనకొక్కనికి చెప్పు, నేను ఎన్నేండ్లయినా ఈ ఇంట్ల ఉంట."

అన్న మంచం మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నాతోని గాదు," అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. కోపంగా కూడా కాదు, బతిమాలుతున్నట్టుగా.

వారం తిరక్కముందే, వదిన కబురు పెడితే, వాళ్ళ నాన్న ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మా వాకిట్లో కుర్చీలు వేశారు. ఎవరి కారణాలు వాళ్ళు మాట్లాడారు, అసలు కారణం తప్ప. వదినను అడిగితే, "నాకు ఈడ ఉండబుద్ధి అయితలేదు," అని మాత్రం అంది. ఆ పెద్దమనుషుల్లో ఒకాయన, "పిల్లలు గాకపాయె, పొగరు మాత్రం తక్వ లేదు," అన్నాడు. నేను లేవబోతే వదిన నా చెయ్యి పట్టి ఆపింది. అన్న అప్పుడు కూడా తల ఎత్తలేదు. అన్న మెడ వెనక చెమట కారడం నాకింకా గుర్తుంది. ఒక్కమాట. ఒక్కమాట అంటే చాలు. అందరం కూర్చునే ఉన్నాం.

ఆటోలో సామాన్లు పెట్టాక వదిన నా దగ్గరికి వచ్చింది.

"గైడు నువ్వే ఉంచుకో. నీకు బల్ల చుట్టు సీటింగు ఇంక రాలె. రోజొకటన్న జెయ్యి."

"మరి నువ్వు?"

"నాకు గుర్తున్నయి."

అమ్మ గుమ్మంలో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వదిన అత్తమ్మకు దండం పెట్టి ఆటో ఎక్కింది.

పరీక్ష ఎండాకాలంలో పడింది. నా సెంటర్ పటాన్‌చెరు అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. గేటు దగ్గర జనంలో వెతుక్కుంటూనే పోయాను. వదిన వచ్చింది. పసుపు చున్నీ, చేతిలో నీళ్ళ సీసా. వాళ్ళ నాన్న వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. నేను, "మామా, మంచిగున్నరా?" అంటే ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నా మీద ఆయనకు కోపం ఉండటం న్యాయమే అనిపించింది. లోపల మా ఇద్దరివీ వేరువేరు కంప్యూటర్ ల్యాబులు.

అయిపోయి బయటికొచ్చేసరికి ఆమె మెట్ల దగ్గర నాకోసం ఆగి ఉంది.

"ఎనిమిది మంది బల్ల చుట్టు కూసున్నది జేసినవా?" అంది, పలకరింపు కూడా లేకుండా.

"జేసిన."

"బయటికి మొఖం పెట్టి కూసున్నరని ఉండె. సూసినవా?"

నేను చూడలేదు. నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. "అయ్యో పిచ్చిదానా! ఎడమ, కుడి మొత్తం మారిపోతది గదనే!" అని నెత్తి మీద మొట్టింది. "అండ్లకెల్లి మూడు ప్రశ్నలు ఇచ్చిండు. మూడూ పాయె." నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. ఆ కాసేపు మేం మా వంటింట్లో ఉన్నట్టే ఉంది. నేను ఆమె చేతులు పట్టుకుని, "రా వదినే, అన్న సరిగ తింటలేడు, నేను మాట్లాడ్తా, అందరికి నేనే చెప్తా," అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "నువ్వు చెప్తె ఏమున్నదే. చెప్పాల్సినోడు చెప్పాలె."

అంతలో వాళ్ళ నాన్న పిలిచాడు. ఆమె రెండు అడుగులు వేసి, వెనక్కి వచ్చి నా చున్నీ సర్దింది. "ఇగ ఫోన్ జెయ్యకు. కోపం గాదు. నీ గొంతు ఇంటె నాకు ఆ ఇల్లంత యాదికొస్తది, ఇగ రెండు దినాలు సదువు సాగదు. నాకు ఇప్పుడు సదువు గావాలె."

ఆమెకు మంచి ర్యాంకు వచ్చింది. హైదరాబాద్‌లో సీటు, హాస్టల్. ఈ సంగతి కూడా నాకు ఆమె చెప్పలేదు, ఆమె ఊరి నుంచి మా బస్సులో వచ్చే అమ్మాయి చెప్పింది. నాకు మామూలు ర్యాంకు. సంగారెడ్డి దగ్గర ఒక కాలేజీలో చేరి, ఎంబీఏ ముగించి, మా కంపెనీలోనే ఆఫీసు పనికి మారాను. ఇప్పుడు కూర్చుని చేసే పని. కాళ్ళు ఉబ్బవు. చదివిన రెండేళ్ళలో ఏది పాసయినా చెప్పుకోవాల్సిన మనిషి లేక, మార్కులు చూసి ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని. ఆమె వద్దన్నది, నేను చేయలేదు. నేను కోల్పోయింది అన్న భార్యను కాదు, నా నేస్తాన్ని. కానీ ఇంటికొచ్చినవాళ్ళు అన్ననే ఓదార్చేవాళ్ళు.

విడాకులు కాగితాల మీద కూడా అయిపోయాయి. అన్నకు ఇంకో సంబంధం చూస్తానని అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. అతను తాగుడు మానేశాడు, నవ్వడం కూడా.

పోయిన ఏడు నాకొక సంబంధం వచ్చింది. సదాశివపేట వైపు వాళ్ళు, అబ్బాయి కూడా ఫ్యాక్టరీలోనే సూపర్‌వైజర్. చాయ్‌లయ్యాక అబ్బాయి తల్లి మెల్లగా అడిగింది.

"మీ కోడలు ఎందుకు పోయిందమ్మా? ఏం అనుకోకుండ్రి, అడగాలె గద."

అమ్మ అలవాటుగా మొదలుపెట్టింది. "ఏం జెప్పాలె వదినా, ఆ పిల్లకు సంతానం..."

"ఆమెకు ఏం లోపం లేదు," అన్నాడు అన్న.

గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అందరూ అటు తిరిగారు. "లోపం నాది. డాక్టరు చెప్పిండు. ఆమెతోని అబద్ధం చెప్పిచ్చిన. ఆమె తప్పు ఏం లేదు." అంత చిన్న మాట. చెప్పడానికి ఒక గుక్క నీళ్ళు మింగినంత సేపు కూడా పట్టలేదు. చెప్పేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఆ వచ్చినవాళ్ళు ఉలిక్కిపడలేదు, నవ్వలేదు. అబ్బాయి తండ్రి, "అయ్యో, పోనీ బాబూ, ఎవ్వరి చేతుల ఏమున్నది," అన్నాడు. అంతే జరిగింది. ఇన్నేళ్ళు అన్న భయపడ్డది దీనికే.

నేను డాబా మీదికి పోయి ఆమెకు ఫోన్ చేశాను. వద్దన్న తరువాత అదే మొదటిసారి. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక ఆఫీసు చప్పుళ్ళు.

"వదినే, నేను."

"ఎర్కయింది. చెప్పు."

"అన్న చెప్పిండు. ఇయ్యాల. బయటోళ్ళందరి ముంగట. లోపం నాదే, ఆమె తప్పు లేదని చెప్పిండు వదినే."

అవతల ఊపిరి వినబడుతోంది. ఎవరో ఆమెను ఇంగ్లీషులో ఏదో అడిగితే, 'ఒక్క నిమిషం' అన్నట్టుంది. తరువాత తలుపు మూసుకున్న శబ్దం.

"మా బాపు సచ్చిపోయిండే," అంది. "మొన్న వానకాలంల. ఆఖరి దినాలల్ల గూడ నా చెయ్యి పట్టుకొని, నీకొక పిల్లనో పిల్లగాడో ఉంటె బాగుండు బిడ్డా, నీ కడుపు గట్ల రాసిండు దేవుడు అన్నడు. నేను ఊ అన్న."

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు, లేదా నాకు వినబడనివ్వలేదు.

"నీకోసం వచ్చిన్రా వాళ్ళు?" అని అడిగింది.

"ఊ."

"పిల్లగాడు మంచోడేనా?"

"తెల్వదు. మంచిగనే ఉన్నడు."

"సరే. కండ్లు తుడ్సుకొని కిందికి పో. అట్ల పైన నిలబడితె వాళ్ళు వేరే అనుకుంటరు."

ఫోన్ పెట్టేసింది. నేను కళ్ళు తుడుచుకుని మెట్లు దిగాను. వాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారు. అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. నా చేతిలో ఫోన్ చూసి, ఆత్రంగా దగ్గరికి వచ్చి, "ఏమన్నది?" అని అడిగాడు.

వదిన వాళ్ళ నాన్న సంగతి అతనికి ఎట్లా చెప్పను? "ఏమనలె," అన్నాను.